దుబాసీ కోనయ్య

కొనాన్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు పలాస జీడిపప్పు వ్యాపారి నరసింగరావు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పేరే కొనను అంతే ఇంక యాపారం ఎలా సాగుతాదిరా? నువ్వు మాకు కోనయ్యవి. ఏటి, బాగోనేదా?"

"బాగున్నాది బాబుగారూ," అన్నాడు కొనాన్.

ఆ జవాబుకి నరసింగరావు నవ్వు ఆగిపోయింది. ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన ఆరడుగుల నల్లటి కుర్రాడు, పక్క వీధిలో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడుతుంటే ఎవరికైనా అంతే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. వచ్చిన వాళ్లందరికీ ఆయన టీ తెప్పించే మనిషి కాదు.

కొనాన్ బువాకే అనే ఊరి పక్క పల్లెవాడు. ఎం.బి.ఏ. చదవడానికి విజయనగరం దగ్గరి ఒక ప్రైవేటు యూనివర్సిటీకి వచ్చాడు. వచ్చిన కొత్తలో బస్సులో అతని పక్క సీటు ఖాళీగా ఉండేది. కాలేజీ కుర్రాళ్లు భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగేవాళ్లు, దిగాక ఆ చెయ్యి ప్యాంటుకి తుడుచుకునేవాళ్లు. అద్దెకి గది అడిగితే "ఇప్పుడే ఇచ్చేశాం" అన్నవాళ్లు, వారం పోయాక కూడా గుమ్మానికి టు-లెట్ బోర్డు తియ్యలేదు. చివరికి బాప్టిస్టు చర్చి పెద్ద కృపానిధి తన మేడమీది గది ఇచ్చాడు. ఆయన భార్య ఏసమ్మ వంటింటి గడప మీద కూర్చోబెట్టి తెలుగు నేర్పింది. అట్లకాడ చూపించి పేరు అడిగేది. తప్పు చెబితే అదే అట్లకాడతో మోకాలి మీద ఒకటి తగిలించేది. ఏడాది తిరిగేసరికి కొనాన్ ఫ్రెంచి, ఇంగ్లీషు, తన ఇంటి భాష బవులేతో పాటు తెలుగు కూడా గడగడా మాట్లాడుతున్నాడు.

భాషే తనకు తిండి పెడుతుందని అతను అప్పుడే తీర్మానించుకున్నాడు. శృంగవరపుకోటలో ఒక పంపుసెట్ల కంపెనీలో ఇంటర్న్‌గా చేరి, మోటారు ఎలా బిగించాలో చెప్పే పుస్తకం మొత్తం ఫ్రెంచిలోకి మార్చాడు. పుస్తకం అచ్చయి వస్తే అనువాదకుడిగా మేనేజరు మేనల్లుడి పేరుంది. అడిగితే, "నీకు సర్టిఫికెట్ ఇచ్చాం కదా" అన్నారు. మరోచోట ఆర్నెల్లు పని చేయించుకుని ఆ సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. కొనాన్ ఎవరితోనూ గొడవ పడలేదు. గొడవ పడే మనిషికి సొంత గడ్డ కాళ్ల కింద ఉండాలి. అతనికి ఉన్నది వీసా ఒక్కటే. చదువు అయిపోగానే అదీ అయిపోతుంది.

నరసింగరావుకి కావలసింది సరిగ్గా అలాంటి మనిషే. పలాసలో ఒలిచే జీడిపిక్కల్లో చాలా భాగం ఓడలెక్కి ఆఫ్రికా నుంచి వస్తాయి. అక్కడి వాళ్లతో బేరమాడాలంటే ఫ్రెంచి కావాలి. ఇన్నాళ్లూ మధ్య దళారులు ఆ పని చేసి మీగడ తినేసేవాళ్లు.

"మంచిగా సేసినావంతే నా కంపెనీలోనే మేనేజర్ని సేసేస్తాను. వీసా కాయితాలు నాను సూసుకుంతాను. నీకేటి బెంగ?" అన్నాడు నరసింగరావు.

కొనాన్ ఇంటర్న్‌గా చేరిపోయాడు.

షెడ్డులో ఆడవాళ్లు వరసగా కటింగ్ బల్లల ముందు కూర్చుంటారు. ఉడకబెట్టి ఆరబెట్టిన పిక్కని రెండు కత్తుల మధ్య పెట్టి, కాలితో తొక్కి రెండు చెక్కలు చేస్తారు. చెక్కలోంచి కారే జిగురు నూనె చేతులని కాల్చేస్తుంది. బుల్లమ్మ చిన్నతనం నుంచీ ఆ బల్ల దగ్గరే ఉంది. ఆవిడ అరచేతులు బొగ్గులా నల్లబడి, పొరలు పొరలుగా లేచిపోయి ఉండేవి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషను డిపోలో మిషను మీద బొటనవేలు ఎన్నిసార్లు నొక్కినా పట్టేది కాదు. "నువ్వు బుల్లమ్మవి కాదంతన్నాదే మిషను" అని డీలరు ఎగతాళి చేసేవాడు.

కొనాన్‌ని చూసి మిగతా ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటుంటే, బుల్లమ్మ మాత్రం మొదటిరోజే పిలిచింది.

"ఇలా రా నాయనా. గంజన్నం తింతావేటి? మీ దేశంలో ఏటి తింతారు?"

"దుంప దంచుకుని తింతాము అమ్మా."

"ఓలమ్మ! మాకునూ పెండలం ఉన్నాది కదా. మరి నువ్వు ఊరుగానివోడివి ఎలాగవుతావు?"

ఆ రోజు నుంచీ మధ్యాహ్నం ఆవిడ గిన్నెలో అతనికి ఒక ముద్ద ఉండేది.

అకిసీని కనిపెట్టింది కొనానే. బువాకే పక్క పల్లెల్లో జీడితోటలున్న ఆడవాళ్లు కొందరు సంఘం కట్టుకున్నారు. ఆ సంఘానికి పెద్ద అకిసీ. యాభై దాటిన మనిషి, మొగుడు లేడు. పెద్ద కంపెనీలకి అమ్మితే చేతికి ఏమీ మిగలడం లేదని, నేరుగా కొనేవాళ్ల కోసం వెతుకుతోంది. కొనాన్ బవులేలో పలకరించగానే ఫోనులో ఆవిడ కేక పెట్టింది.

"మన భాష! నా కొడుకు అంత దూరంలో ఉన్నాడా! ఇంక నాకేం భయం?"

సంఘంలో కొందరు సందేహించారట. ముక్కూ మొహమూ తెలియనివాడికి సరుకు పంపి, డబ్బు సరుకు చూశాక ఇస్తానంటే ఎలా నమ్మడం అన్నారట. అకిసీ వాళ్లతో, "నా కొడుకు అక్కడున్నాడు" అందట. ఆ సంగతి ఆవిడే మురిసిపోతూ చెప్పింది. కొనాన్ కూడా మురిసిపోయాడు. విజయనగరం వెళ్లినప్పుడు ఏసమ్మకి చెప్పుకున్నాడు. ఏసమ్మ అతని కోసం ప్రార్థన చేసింది.

సరుకు విశాఖ రేవులో దిగి పలాస గోడౌనుకి చేరింది. బస్తాలు విప్పి, గుప్పెడేసి పిక్కలు తీసి కోసి చూశారు. పప్పు తెల్లగా, నిండుగా, ముత్యంలా ఉంది. కొనాన్ ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఊరు వదిలాక అతను తిన్న మొదటి ఊరి గింజ అది. నరసింగరావు కూడా ఒకటి నమిలి తల ఊపాడు. "ఫస్టు క్లాసు సరుకురా కోనయ్యా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఏసీ గదికి పిలిపించాడు. గది మూలన నాలుగు బస్తాలున్నాయి. కొనాన్‌కి వాసన తగలగానే తెలిసిపోయింది. పోయిన ఏడు తుఫానులో గోడౌన్లోకి నీళ్లొచ్చినప్పుడు తడిసి బూజు పట్టిన పిక్కలవి.

"ఆ ముసిల్దానికి వీడియో కాలు సెయ్యి. ఈ పిక్కలు కోసి సూపించు. సరుకంతా ఇలాగే వచ్చింది, సగం ధరే ఇస్తాం, ఇష్టం లేదంతే ఎనక్కి తోలించుకో, ఓడ ఖర్చు నీదే అని సెప్పు."

కొనాన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బస్తాల వైపు చెయ్యి చూపించాడు.

"బాబుగారూ, ఇవి వాళ్లవి కావు కదా."

"నాకు తెలీదేటిరా?" నరసింగరావు కోపం తెచ్చుకోలేదు. టీ కప్పు అతని వైపు జరిపాడు. "నాకూ ఇలాగే సేసినారు ఎందరో. నాను బతకనేదా? ఆయమ్మా బతుకుతాది. టీ తాగు. అవును గానీ, నీ వీసా ఎప్పటిదాకా ఉన్నాది?"

కొనాన్ చెప్పాడు. ఎంతో కాలం లేదు.

"అయ్యో, అంత దగ్గిరకొచ్చీసిందా? మరి నాకు సెప్పవేటి?" అన్నాడు నరసింగరావు, ఎంతో నొచ్చుకున్నట్టు. "ఈ పని అవనీ, ఆ కాయితం ఈ వారమే రాసీస్తాను."

కొనాన్ టీ తాగాడు.

కటింగ్ బల్ల ఆ గదిలోకే తెప్పించి, పిక్కలు కొయ్యడానికి బుల్లమ్మని పిలిచారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. బల్ల ముందు కూర్చుని ఇచ్చినవి ఇచ్చినట్టు కోస్తోంది. ఒక్కో చెక్కా విచ్చుకునేసరికి లోపల నలుపు, పొడి, బూజు. కొనాన్ ఫోను వాటి మీద పట్టుకుని బవులేలో చెప్పడం మొదలుపెట్టాడు. తెరలో అకిసీ మొహం. ఆవిడ వెనక, గోడవారన, సంఘం ఆడవాళ్లు ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. మొదట అందరూ నవ్వుతూ చేతులు ఊపారు. తర్వాత నవ్వులు ఒక్కొక్కటీ ఆరిపోయాయి.

"కాదు," అంది అకిసీ. "మా పిక్కలు కావు. నేను చేత్తో ఏరి పోశాను. బిడ్డా, బస్తాలేవైనా మారిపోయాయేమో చూడు."

"మారలేదు అమ్మా. నేనే విప్పాను."

"ఓడలో తడిసిందా?"

"ఏమో. వచ్చేసరికి ఇలాగే ఉన్నాయి."

అకిసీ తెరకి ఇంకా దగ్గరగా వంగింది. అప్పుడు ఆవిడ కళ్లు బుల్లమ్మ మీద పడ్డాయి.

"ఆ కోస్తున్నావిడని అడుగు," అంది. "ఆవిడ రెక్కల కష్టం చేసుకునే మనిషి. ఆవిడ నాకు అబద్ధం చెప్పదు. అక్కా, అన్నీ ఇలాగే ఉన్నాయా అని అడుగు."

తనని చూసి మాట్లాడుతోందని బుల్లమ్మకి తెలిసింది. కాలు ఆపింది.

"ఏటంతన్నాది కోనయ్యా ఆయమ్మ? నన్నేటో అడుగుతన్నాది."

నరసింగరావు కుర్చీలో ముందుకి వంగాడు. అటు ఒకావిడ, ఇటు ఒకావిడ. మధ్యన మనిషి కొనాన్ ఒక్కడే. అతను పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చెయ్యలేకపోయేవాడేమో.

"నీ సేతులు అలా అయిపోనాయేటి అని అడుగుతన్నాది అమ్మా. నొప్పి పెడతాయా అంతన్నాది."

బుల్లమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నా సేతులా?" చేతిలో పిక్క పక్కన పెట్టి రెండు అరచేతులూ విప్పి ఫోనుకి చూపించింది. "ఏటి సెప్పమంతావు తల్లీ. నల్లగా మాడిపోనాయి. ఒక్క వేలూ బాగా నేదు. అన్నీ ఇలాగే." తల అడ్డంగా ఊపింది. కన్నీళ్లు చెంపల మీదికి జారాయి.

కొనాన్ బవులేలోకి తిప్పాడు. "అన్నీ ఇలాగే నల్లగా ఉన్నాయంటోంది. ఒక్కటీ బాగా లేదంటోంది. చూడు, మీ బూజు ఆవిడ చేతులకి ఎలా పట్టేసిందో."

అకిసీ ఆ చేతులని చూసింది. ఆ ఏడుపుని చూసింది. తన కోసం ఏడుస్తోందనుకున్న ఆ పరాయి ఆడదానికి తల వంచి దండం పెట్టింది. బుల్లమ్మ కూడా పెట్టింది. సగం ధరకి అకిసీ ఒప్పుకుంది.

నరసింగరావు ఆ సాయంత్రం బిర్యానీ తెప్పించాడు. తనకి ఆకలి వెయ్యదనుకున్నాడు కొనాన్. వేసింది. కడుపు నిండా తిన్నాడు.

తర్వాత అకిసీ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. "నువ్వు లేకపోతే అదీ వచ్చేది కాదు బిడ్డా. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ఆ అక్కయ్యకి నా దండాలు చెప్పు." కొనాన్ ఒకసారి విన్నాడు. జవాబు పెట్టలేదు. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఫోను మోగింది. ఎత్తలేదు.

బుల్లమ్మ మాత్రం వదల్లేదు. అన్నం ముద్ద ఇస్తూ ప్రతిసారీ అదే మాట.

"ఆయమ్మ ఎలాగుందిరా? ఓపాలి ఫోను సెయ్యవా? నా పెనిమిటి అడగనేదు, నా కొడుకు అడగనేదు. అంత దూరం మనిషి నా సేతులు సూసి అడిగింది. సముద్రం అవతల నాకో సెల్లి ఉన్నాదని మా ఈదిలో అందరికీ సెప్పుకున్నాను."

"సేస్తానమ్మా," అనేవాడు కొనాన్. కొన్నాళ్లకి ఆ ముద్ద తినడం మానేశాడు. కడుపులో బాగాలేదని చెప్పి, ఆఫీసు గదిలో తలుపేసుకుని తినేవాడు.

వీసా కాగితం ఆ వారం రాలేదు. మరో సరుకు వచ్చాక చూద్దామన్నాడు నరసింగరావు. మరో సరుకు వచ్చింది. ఈసారి అమ్మినవాడు ఐవరీ కోస్ట్‌లోనే ఉత్తరాన, కొర్హోగో అనే ఊరి వైపు రైతు. మళ్లీ ఏసీ గది, మళ్లీ అవే బస్తాలు.

"బుల్లమ్మనే కూకోబెట్టు. దాని సేతులు సూస్తే ఎవుడైనా నమ్ముతాడు," అన్నాడు నరసింగరావు నవ్వుతూ.

బుల్లమ్మ వచ్చి కూర్చుంది. మొదటి పిక్క కోసింది. రెండోది కోసింది. మూడోది చేతిలో పట్టుకుని కొయ్యకుండా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇవి తుఫానుకి తడిసిన పిక్కలు కావేటి? ఎండబెట్టింది నాను, నాకు తెలీదా? ఆ రోజూ ఇయ్యే కోయించినారు. ఇయ్యే ఆయమ్మ సరుకని సూపించినారా?" కొనాన్ వైపు తిరిగింది. మొహంలో రంగులు మారిపోతున్నాయి. "కోనయ్యా. ఆయమ్మ అడిగింది నా సేతుల గురించి కాదు కదా?"

కొనాన్ ఫోను తిరగేసి బల్ల మీద పెట్టాడు.

"సెప్పరా. ఆయమ్మ ఏటి అడిగింది?"

బుల్లమ్మ లేచి నిలబడింది. "నాను కొయ్యను. నా సేతులు సూపించొద్దు." గదిలోంచి బయటికి నడిచింది.

నరసింగరావు మొహం ఎర్రబడింది. "ఏటి సెప్పినావురా దానికి?"

"నానేటీ సెప్పనేదు బాబుగారూ."

"నువ్వు సెప్పకపోతే దానికెలా తెలిసింది? ఆఁ? దాని కూడు తింతన్నావు కదా నువ్వు!"

ఆ ఒక్క మాటతో కొనాన్‌కి తన కాగితం, తన కుర్చీ, ఈ దేశంలో తన రేపు అన్నీ జారిపోతున్నట్టనిపించింది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

"ఆవిణ్ణి పనిలో ఉంచితే షెడ్డు అంతా సెప్తాది బాబుగారూ. రేపటి నుంచీ గేటు కాడే ఆపీండి. మిగతా ఫ్యాక్టరీలోళ్లకీ ఓ మాట సెప్పీండి, దొంగతనం అనండి. అప్పుడు ఆవిడేటి సెప్పినా ఎవులూ నమ్మరు."

నరసింగరావు అతన్ని ఎగాదిగా చూశాడు. మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు. అంత దూరం ఆయనకి కూడా తోచలేదు. మర్నాడే వీసా కాగితం మీద సంతకం పడింది.

బుల్లమ్మ గేటు దగ్గర గొడవ చెయ్యలేదు. నాలుగు ఫ్యాక్టరీలు తిరిగింది. ఎక్కడికి వెళ్లినా, "పప్పు దొంగిలించినావంట కదా" అన్నారు. ఒక సాయంత్రం కొనాన్ గదికి వెళ్లే దారిలో, టీ కొట్టు పక్కన ఎదురుచూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"పని పోనాది, పోనీ," అంది. "నాకు ఒక్క సాయం సెయ్యి. ఆయమ్మకి ఫోను సెయ్యి. నాకు తెలీదమ్మా, నానలా అననేదమ్మా అని సెప్పు. ఈపాలైనా నా మాట నా మాటగా సెప్పు."

టీ కొట్టులో జనం చూస్తున్నారు. తొందరగా వదిలించుకోవాలని కొనాన్ ఫోను తీశాడు. చాలాసేపు మోగాక ఎవరో అమ్మాయి ఎత్తింది. అకిసీ కూతురట. ఆ అమ్మాయి చెప్పినంతసేపూ కొనాన్ వింటూ నిలబడ్డాడు. బుల్లమ్మ అతని పెదాల వంకే చూస్తోంది.

"ఏటంతన్నాది? సెల్లి ఉన్నాదా?"

కొనాన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. బాగుందట అని ఒక్క మాట అంటే చాలు. ఆవిడ వెళ్లిపోతుంది. ఇన్ని అబద్ధాలు ఆడిన నోటికి అదొక కష్టం కాదు. కానీ ఈ ముసలిది రేపు మళ్లీ వస్తుంది, ఎల్లుండి మళ్లీ వస్తుంది. ఇంక ఎప్పుడూ రాకూడదు అనుకున్నాడు.

"నేదు," అన్నాడు. "డబ్బులు తినేసిందని సంఘం ఆడోళ్లు ఇంటి మీదికొచ్చినారంట. కొట్టినారంట. ఊర్నించి తోలేసినారు. ఎక్కడున్నాదో కూతురికీ తెలీదు."

బుల్లమ్మ టీ కొట్టు రాట పట్టుకుంది.

"నా మాట నమ్మనేదు అమ్మా ఆవిడ," అన్నాడు కొనాన్, ఒక్కో మాటా స్పష్టంగా. "నానెంత సెప్పినా నమ్మనేదు. నీ సేతులు సూసి నమ్మింది. నువ్వు ఏడిస్తే నమ్మింది."

బుల్లమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది, చలేసినట్టు. అలాగే నడుచుకుంటూ పోయింది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

కొనాన్ మేనేజరయ్యాడు. సరుకు వచ్చినప్పుడల్లా ఇంకెవరూ ఏం చెప్పాలో అతనికి చెప్పనక్కర్లేకపోయింది. కోసే మనిషిని మాత్రం ప్రతిసారీ మార్చేవాడు. విజయనగరం వెళ్లడం తగ్గించాడు. ఒకసారి ఏసమ్మ ఫోను చేసి, అంత మంచి ఉద్యోగం దొరికింది కదా, చర్చిలో సాక్ష్యం చెప్పి వెళ్లమంది. వెళ్లాడు. దేవుడు పరాయి దేశంలో తనకి నోరిచ్చాడని చెప్పాడు. జనం ఆమెన్ అన్నారు. ఏసమ్మ కళ్లు తుడుచుకుంది.

వానలు మొదలయ్యే ముందు ఒక ఉదయం, కంపెనీ కారులో రేవుకి బయలుదేరాడు. కాశీబుగ్గ దాటకుండానే రైలు గేటు పడింది. పక్కన ఆటో కోసం ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. రొయ్యల షెడ్డుకి తలలు తుంచే పనికి వెళ్లేవాళ్లు. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టే పని అది. వాళ్లలో బుల్లమ్మ ఉంది. చేతులకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది.

ఆవిడ అతన్ని చూసింది. పోల్చుకుంది. పక్కనున్నావిడ వైపు వంగి ఏదో అంది. ఆ మనిషి కారు వైపు తిరిగి చూసింది. తర్వాత ఒకరికొకరు చెప్పుకున్నారు. గుంపంతా తిరిగి చూసింది.

"అద్దం ఎత్తీ," అన్నాడు కొనాన్ డ్రైవరుతో.

"ఏసీ ఏసే ఉన్నాది సార్. అద్దం ఎత్తే ఉన్నాది."

రైలు చాలా పొడుగ్గా ఉంది, గూడ్సు. అది పోయేదాకా ఆ ఆడవాళ్లు అలా చూస్తూనే ఉన్నారు. తర్వాత గేటు లేచింది.